నాలుకకూ ఓ కొలువుంది!

పీపాలో నిలవపెట్టిన పల్లె బీరు చెప్పే పాఠం.. మైక్రోబయాలజీ, ఫుడ్ సైన్స్ విద్యార్థులకు కొత్త దారి

బల్ల మీద మూడు గ్లాసులు. వాటి మీద పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి: 417, 862, 295. ‘వీటిలో రెండు ఒకటే, ఒకటి వేరు. ఏది వేరో రాయండి. ఎందుకు వేరో కూడా రాయండి.’ ఇంతే ప్రశ్న. మీ డిగ్రీ, మార్కుల మెమో, రెజ్యూమె ఆ ఐదు నిమిషాలూ పక్కనే కూర్చుంటాయి. మీకు తోడుండేవి మూడే: ముక్కు, నాలుక, చెప్పడానికి సరైన మాట.

దీన్ని ట్రయాంగిల్ టెస్ట్ అంటారు. ఆహార, పానీయాల కంపెనీల్లో రోజూ జరిగే పరీక్ష ఇది. గుడ్డిగా వేలు పెట్టినా మూడింట ఒకసారి సరైన గ్లాసే తగులుతుంది కదా! అందుకే ఒక్కరి మాట మీద నిర్ణయం తీసుకోరు. 12 మంది రుచి చూస్తే కనీసం 8 మంది, 24 మంది చూస్తే కనీసం 13 మంది సరిగ్గా పట్టుకోవాలి. అప్పుడే ‘తేడా నిజంగానే ఉంది’ అని ఒప్పుకొంటారు. రుచి చూడటం వెనక లెక్కలు కూడా ఉన్నాయన్నమాట. ఈ శాస్త్రం పేరు సెన్సరీ ఎవాల్యుయేషన్.

తిరుపతిలోనో చిత్తూరులోనో బీఎస్సీ మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, ఫుడ్ టెక్నాలజీ చదివేవాళ్లను ‘తర్వాత ఏం చేస్తారు?’ అంటే ఎక్కువగా వినిపించే సమాధానాలు రెండు: డయాగ్నొస్టిక్ ల్యాబు, లేదంటే బీఈడీ. మూడో దారి ఒకటుందని చెప్పడానికే ఈ కథనం. ఆ దారిలో కష్టమైన పాఠం ఎలా ఉంటుందో చూడ్డానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. అది ఓక్ పీపాలో నెలల తరబడి నిలవపెట్టిన ఫార్మ్‌హౌస్ ఏల్. మన మాటల్లో పల్లె బీరు.

ముందుగా ఒక మాట

ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. తిరుమల కొండ మీద మద్యం పూర్తిగా నిషేధం. రుచి పరీక్షల్లో గ్లాసులో పోసేది కొద్దిగానే. కొందరు నిపుణులు నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. మత్తెక్కిన నాలుక ఎవరికీ పనికిరాదు. అసలు మద్యం జోలికే వెళ్లకుండా ఈ విద్య నేర్చుకోవచ్చు, ఇదే విద్యతో వేరే రంగాల్లో కొలువు పొందొచ్చు. ఆ వివరాలు చివర్లో ఉన్నాయి.

పొలం పనుల్లోంచి పుట్టింది

మన దగ్గర చేను పనికి పోయేవాళ్లు సద్ది మూట, అంబలి ముంత వెంట తీసుకుపోయేవాళ్లు. రాత్రి పులిసిన అంబలి పొద్దున పొట్టకు చల్లదనం, ఒంటికి సత్తువ. బెల్జియంలో ఫ్రెంచి మాట్లాడే వలోనియా ప్రాంతపు రైతులకూ అలాంటిదే ఒకటుండేది. చలికాలంలో పొలం పని తక్కువ. అప్పుడు సొంత ధాన్యంతో బీరు తయారుచేసి, వేసవిలో పనికొచ్చే కూలీల కోసం దాచేవాళ్లని చెబుతారు. ఫ్రెంచిలో ‘సేజోన్’ అంటే కాలం, సీజన్. ఆ బీరుకూ అదే పేరు నిలిచింది.

టూర్ప్ అనే ఊళ్లోని డ్యుపాన్ బ్రూవరీ ఈ రకానికి పెద్ద దిక్కు. 1844 నుంచి బీరు తయారవుతున్న ఆ వ్యవసాయ క్షేత్రాన్ని 1920లో డ్యుపాన్ కుటుంబం కొన్నది. వాళ్ల సేజోన్‌లో ఆల్కహాలు 6.5 శాతం. దాని ఈస్ట్ ప్రత్యేకత మన ఎండలకు అలవాటుపడ్డవాళ్లకు నచ్చుతుంది. మామూలు ఏల్ ఈస్ట్ 20 డిగ్రీల దగ్గర సుఖంగా పనిచేస్తే, ఇది 30 డిగ్రీలు దాటినా హుషారుగా ఉంటుంది. చాలా సేజోన్ ఈస్టులు మామూలు ఈస్టులు వదిలేసే పెద్ద చక్కెర గొలుసుల్ని కూడా తెంచి తినేస్తాయి. అందుకే ఈ బీరులో తీపి దాదాపు మిగలదు. నోరు పొడిగా, శుభ్రంగా అనిపిస్తుంది.

ఇప్పటి తయారీదారులు కొందరు ఇక్కడితో ఆగలేదు. ఈ పల్లె బీరును ఓక్ చెక్క పీపాల్లోకి ఎక్కించి నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా నిలవపెడుతున్నారు. తెలుగువాళ్లు చాలామంది ఉంటున్న టెక్సాస్‌లోని ఆస్టిన్ శివార్లలో 2010లో మొదలైన జెస్టర్ కింగ్ అలాంటి చోటే. మరి పీపాలో ఏం జరుగుతుంది?

చెక్క ఏం ఇస్తుంది? సూక్ష్మజీవి ఏం ఇస్తుంది?

పీపా చేసేటప్పుడు లోపలి వైపు చెక్కను నిప్పు సెగకు కాలుస్తారు. ఆ వేడికి చెక్కలోని లిగ్నిన్ విడిపోయి వెనిలిన్ పుడుతుంది. మీరు ఐస్‌క్రీమ్‌లో తినే వెనిలా వాసన అదే. ఓక్‌లో ఉండే లాక్టోన్లు కొబ్బరి వాసన ఇస్తాయి. యూజెనాల్ లవంగం వాసన ఇస్తుంది. గ్వయకాల్ పొగ వాసన ఇస్తుంది. చెక్కలోని టానిన్ల వల్ల నోట్లో వగరు తెలుస్తుంది. అమెరికా ఓక్‌లో కొబ్బరి ఎక్కువ, యూరప్ ఓక్‌లో వగరు ఎక్కువ. కొత్త పీపా వాసన గట్టిగా ఇస్తుంది. పాతబడేకొద్దీ వాసన తగ్గి, చెక్క సందుల్లో కాపురం పెట్టిన సూక్ష్మజీవుల పని పెరుగుతుంది.

వాటిలో ముఖ్యమైంది బ్రెటానోమైసిస్ అనే ఈస్ట్. 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన డెన్మార్క్ శాస్త్రవేత్త క్లాసెన్ దీన్ని గుర్తించి ప్రకటించారు. పాత ఇంగ్లిష్ బీర్లకు ఆ ప్రత్యేకమైన రుచి దీనివల్లే వస్తోందని చెప్పారు. పేరుకు అర్థం కూడా ‘బ్రిటిష్ శిలీంధ్రం’ అనే. ధాన్యం పొట్టులో ఉండే ఫెరులిక్ ఆమ్లాన్ని మామూలు సేజోన్ ఈస్ట్ లవంగం వాసనగా మారిస్తే, బ్రెట్ దాన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లి పొగ, మసాలా వాసనగా మారుస్తుంది. ఇంకో ఆమ్లం నుంచి ఇదే దారిలో తయారయ్యే 4-ఇథైల్ ఫీనాల్ వాసనను పాశ్చాత్య పుస్తకాల్లో గుర్రపు జీనుతో పోలుస్తారు. పల్లెలో పెరిగినవాళ్లకు గొడ్ల కొట్టం గుర్తొస్తుంది.

ఇక మజ్జిగను పులియబెట్టే లాక్టోబాసిల్లస్ కుటుంబం ఇక్కడ కూడా శుభ్రమైన పులుపు ఇస్తుంది. చెక్క గుండా గాలి చాలా నెమ్మదిగా లోపలికి వెళ్తుంది. ఆ కొంచెం గాలి మంచిదే. ఎక్కువైతే మాత్రం అసిటోబాక్టర్ విజృంభిస్తుంది. బీరు వెనిగర్ దారి పడుతుంది. మీ మైక్రోబయాలజీ పుస్తకాల్లో ఇలాంటి పేర్లు ఉంటాయి. పరీక్ష కోసం బట్టీ పట్టినవి ఇక్కడ వాసనలుగా ఎదురవుతాయి, అంతే తేడా.

గ్లాసు ముందు ఐదు మెట్లు

1. చూడండి. గ్లాసును తెల్ల కాగితం ముందు పెట్టండి. లేత బంగారం రంగా, నారింజ ఛాయా? తేటగా ఉందా, మబ్బుగా ఉందా? నురగ ఎంతసేపు నిలిచింది?

2. వాసన చూడండి. మొదటి రెండు మూడు పీల్పులే ముఖ్యం. ఆ తర్వాత ముక్కు అలవాటుపడిపోతుంది. వచ్చిన మొదటి మాట వెంటనే రాసేయండి. మరీ చల్లగా ఉంటే వాసన లేవదు. 10 నుంచి 12 డిగ్రీలు అనుకూలం.

3. నోట్లోకి తీసుకోండి. కొద్దిగానే. నాలుకంతా తగిలేలా తిప్పండి. తీపి, పులుపు, చేదు ఏ వరసలో వచ్చాయో గమనించండి.

4. స్పర్శ గమనించండి. బుడగలు చురుక్కుమన్నాయా? చిగుళ్లు బిగిసినట్టుందా? అదే వగరు. నోరు పొడిబారిందా?

5. తర్వాత మిగిలింది చూడండి. ఉమ్మేశాక, ముక్కుతో గాలి వదిలితే ఏ వాసన వస్తోంది? ఎన్ని క్షణాలు ఉంది?

ఇప్పుడు రెండు జవాబులు పోల్చండి. మొదటి అభ్యర్థి రాసింది: ‘చాలా బాగుంది. కొంచెం పుల్లగా ఉంది. స్మెల్ డిఫరెంట్‌గా ఉంది.’ రెండో అభ్యర్థి రాసింది: ‘లేత బంగారు రంగు, పల్చని మబ్బు. ముందు ఎండు వరిగడ్డి, తర్వాత నిమ్మతొక్క, అడుగున గొడ్ల కొట్టం. పులుపు మధ్యస్తం, పెరుగు పులుపు లాంటిది, వెనిగర్ ఘాటు లేదు. తీపి లేదు. చివర్లో పచ్చి నేరేడు లాంటి వగరు, సన్నగా కొబ్బరి.’

రెండో అభ్యర్థి ‘బాగుంది’ అన్న మాటే రాయలేదు, గమనించారా? ఇష్టమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏముందో చెప్పడమే ప్రశ్న. ఈ వృత్తి మొత్తం ఆ తేడా మీదే నిలబడి ఉంది.

ఆ మాట మీద 225 లీటర్లు

ఇంత సూక్ష్మంగా చెప్పాల్సిన అవసరం ఏముంది అంటారా? పీపాలు చాలావాటిలో పట్టేది దాదాపు 225 లీటర్లు. ఒకే రోజు, ఒకే బీరుతో నింపిన రెండు పీపాలు ఆరు నెలల తర్వాత రెండు దారుల్లో పోయి ఉండొచ్చు. రుచి చూసేవాళ్లు ప్రతి పీపా నుంచి కొంచెం తీసి మూడింటిలో ఒకటి తేల్చాలి: సీసాల్లోకి పంపాలా, ఇంకా ఆగాలా, పారబోయాలా?

వెన్న వాసన వస్తోందనుకోండి. అది డయాసిటైల్. బ్రెట్ దాన్ని మెల్లగా తినేస్తుంది కాబట్టి ‘ఇంకా ఆగాలి’ అనొచ్చు. వెనిగర్ ఘాటు ముక్కుకు కొడుతోందనుకోండి. అది వెనక్కి పోదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి పాడుచేసినట్టు. పొరపడి ‘పారబోయండి’ అంటే ఏడాది శ్రమ కాల్వలోకి పోతుంది. మొహమాటపడి ‘పర్లేదు’ అంటే ఆ ఒక్క పీపా మిగిలిన వాటిలో కలిసి అన్నింటినీ చెడగొడుతుంది.

పక్కనున్న సీనియర్ ‘అద్భుతం’ అన్నాక ‘నాకు వెనిగర్ తగుల్తోంది సార్’ అనడానికి ధైర్యం కావాలి. అందుకే పద్ధతి ప్రకారం చేసే పరీక్షల్లో ఎవరి కాగితం వాళ్లే రాస్తారు, రాయడం పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడరు, గ్లాసుల మీద పేర్ల బదులు మూడంకెల గుర్తులు ఉంటాయి. హోదా మాట్లాడకూడదు, నాలుకే మాట్లాడాలి.

మనకు షడ్రుచులు ముందే తెలుసు

ఇంగ్లిష్ పుస్తకాల్లో విద్యార్థులు ఆస్ట్రింజెన్సీ అన్న మాట నేర్చుకోవడానికి తంటాలు పడతారు. మనకు ‘వగరు’ ఉగాది పచ్చడితోనే వచ్చేసింది. అయితే శాస్త్రం ఇక్కడ ఒక సవరణ చేస్తుంది. వగరు, కారం నిజానికి రుచులు కావు. ఒకటి నోటి చర్మం బిగుసుకునే స్పర్శ, ఇంకొకటి మంట. నాలుక గుర్తించే మూల రుచులు తీపి, పులుపు, ఉప్పు, చేదు. 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెదా ఐదోది చేర్చారు. దాని పేరు ఉమామి. మిగిలిన ‘రుచి’ అంతా దాదాపుగా ముక్కు పనే.

నమ్మకం లేకపోతే ఒక ముక్క మామిడి తాండ్ర తీసుకోండి. ముక్కు గట్టిగా మూసుకుని నమలండి. తీపి, పులుపు తప్ప ఏమీ తెలియదు. ఇప్పుడు ముక్కు వదలండి. మామిడి ఒక్కసారిగా వచ్చేస్తుంది!

మద్యం లేకుండానే సాధన

● వాసనల పెట్టె: చిన్న సీసాల్లో లవంగం, మిరియాలు, ఎండు కొబ్బరి, వెనిలా ఎసెన్స్, వెనిగర్, వెన్న, ఎండు గడ్డి, తడిపిన అట్టముక్క వేసి మూతలు పెట్టండి. కళ్లు మూసుకుని రోజూ గుర్తుపట్టండి. పది క్షణాల్లో పేరు చెప్పగలగాలి.

● హాస్టల్ ట్రయాంగిల్: ఒకే మజ్జిగను రెండు గ్లాసుల్లో, నాలుగు గంటలు ఎక్కువ పులిసినదాన్ని మూడో గ్లాసులో పోయండి. ఫ్రెండ్‌ను అంకెలు వేయమనండి. రోజుకొక్కసారి, నెల రోజులు. ఎన్నిసార్లు సరిగ్గా చెప్పారో రాసుకోండి.

● పోలిక భాష: మన ప్రాంతపు బెల్లం మూడు రకాలు తెచ్చి ‘తియ్యగా ఉంది’ అనకుండా వర్ణించండి. మాడిన వాసనా, చెరకు పచ్చి వాసనా, ఉప్పదనమా?

● ఒక నోటుబుక్: తేదీ, టైము, ఏం తిన్నారు, ఏం అనిపించింది. ఇంటర్వ్యూలో దీన్ని చూపించగలిగితే మామూలు సర్టిఫికెట్ కంటే గట్టి సాక్ష్యం.

సాధనకు ముందు గంటసేపు కాఫీ, కారం, పొగాకు, సెంటు వద్దు. జలుబు చేస్తే ఆ రోజు సెలవు.

ఎక్కడ చదవాలి?

పునాది మన ఊళ్లోనే ఉంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ పీజీలు, శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో అప్లైడ్ మైక్రోబయాలజీ, శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతిలోనే బీటెక్ డెయిరీ టెక్నాలజీ. ఆ పైన మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీకి దేశంలో మంచి పేరుంది. తంజావూరు, కుండ్లిలలో నిఫ్టెమ్ సంస్థలు ఉన్నాయి.

ప్రత్యేకంగా పులియబెట్టే పరిశ్రమ వైపు వెళ్లాలంటే పుణెలోని వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్, కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లలో ఆల్కహాల్ టెక్నాలజీ కోర్సులున్నాయి. లండన్ కేంద్రంగా పనిచేసే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిల్లింగ్ జనరల్ సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలు నిర్వహిస్తుంది. విదేశాలకు వెళ్లాలనుకుంటే ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయం, బెర్లిన్‌లోని వీఎల్‌బీ ఈ రంగంలో పేరున్నవి. బీరు రుచి, వడ్డన పరిజ్ఞానానికి సిసరోన్ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉంది. అర్హతలు, ఫీజులు ఏటా మారతాయి కాబట్టి తాజా ప్రకటన చూశాకే దరఖాస్తు చేయండి.

కొలువులు ఎలా ఉంటాయి?

నిజం చెప్పుకోవాలి. ‘టేస్టర్’ అన్న పేరుతో పోస్టులు తక్కువ. క్వాలిటీ కంట్రోల్ మైక్రోబయాలజిస్టు, సెన్సరీ అనలిస్టు, ఆర్ అండ్ డీ అసిస్టెంటు, బ్రూవర్ ట్రైనీ.. ఇలాంటి పేర్లతో ఉంటాయి. రుచి చూడటం అందులో ఒక భాగం. మిగతా సమయం ప్లేట్లు పోయడం, పీహెచ్ కొలవడం, ట్యాంకులు కడగడం, రికార్డులు రాయడం. మొదటి ఏడాది కడగడమే ఎక్కువ.

చిత్తూరు నుంచి నాలుగైదు గంటల దూరంలో ఉన్న బెంగళూరులో మైక్రోబ్రూవరీలు చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఓక్ పీపాల్లో నిలవపెట్టే విద్యకు బెంగళూరులోనే పెద్ద ఉదాహరణ అమృత్ డిస్టిలరీస్. వాళ్ల సింగిల్ మాల్ట్ 2004లో ఏకంగా స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో విడుదలైంది. అక్కడి చలికంటే ఇక్కడి వేడిలో పీపా త్వరగా పనిచేస్తుందని, ఆవిరై పోయేదీ ఎక్కువని ప్రపంచానికి చూపించింది.

ఇంట్లో ఏమని చెప్పాలి?

అసలు చిక్కు ఇక్కడే. ‘ఏడుకొండల కింద చదివి సారా కంపెనీలో చేరతావా?’ అని అమ్మ అడిగితే ఆ ప్రశ్నను కొట్టిపారేయకండి. మద్యంతో చెడిన ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. ఈ పరిశ్రమలో పనిచేసేవాళ్లకు మద్యం రోజూ చేతికందే దూరంలో ఉంటుందన్నదీ నిజమే. వద్దనుకోవడం పూర్తిగా మీ హక్కు. మీ మనసుకు పట్టకపోతే చేరకండి.

అయితే విద్య ఒకటే, గ్లాసులో పోసేదే మారుతుంది. చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి గుజ్జు విదేశాలకు వెళ్తుంది. డబ్బాలోకి ఎక్కే ముందు దాని రంగు, వాసన, పులుపు ఎవరో ఒకరు చూసి తేల్చాలి. పాల డెయిరీల్లో ట్యాంకరు మూత తీయగానే వాసన చూసి చెప్పేవాళ్లు కావాలి. శ్రీసిటీలో చాక్లెట్ ఫ్యాక్టరీ ఉంది. బెంగళూరులో కాఫీ బోర్డు డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు కాఫీ క్వాలిటీ మేనేజ్‌మెంట్‌లో ఏడాది పీజీ డిప్లొమా నిర్వహిస్తుంది. అందులో కప్పు రుచి చూడటమే ప్రధానమైన పాఠం. ప్రభుత్వ రంగం వైపు చూసేవాళ్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్వహించే ఫుడ్ అనలిస్ట్, జూనియర్ అనలిస్ట్ పరీక్షలున్నాయి.

ఓక్ పీపాలోని పల్లె బీరును ఉదాహరణగా ఎందుకు తీసుకున్నామంటే, అందులో చెక్క, ఈస్ట్, బ్యాక్టీరియా, గాలి, కాలం అన్నీ ఒకే గుటకలో కలిసి వస్తాయి. ఆ చిక్కుముడిని మాటల్లో విప్పడం ఎలాగో తెలిసినవాళ్లకు మామిడి గుజ్జు డబ్బా, పాల ట్యాంకరు, కాఫీ కప్పు కొత్తేమీ కాదు.

ఈ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు. మెస్‌లో చారు పోసుకున్నాక ‘బాలేదు’ అని తోసేయకండి. ఏం తక్కువైంది? పులుపా, పోపా, కాగడమా? ఒక్క వాక్యం రాయండి. ముప్పై రోజుల తర్వాత ఆ నోటుబుక్ మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చదవండి. తేడా మీకే తెలుస్తుంది.